మన ఫోర్క్‌లిఫ్ట్‌లు ఇకమీదట దేనితో నడుస్తాయంటే

అందరికీ నమస్కారం. మా దగ్గర సరుకు ఎత్తి దించే ఫోర్క్‌లిఫ్ట్‌లు అద్దెకు తీసుకునే మీలో చాలామంది ఈమధ్య అడుగుతున్నది ఒకటే, "డీజిల్ బండ్లన్నీ తీసేసి బ్యాటరీకి మారిపోతున్నారటగా?" అని. మారుతున్నాం, కానీ అన్నీ కాదు. ఎందుకు అన్నీ కాదో, ఎవరికి ఏ బండి పంపబోతున్నామో చెప్పాలి. మా వల్ల జరిగిన ఒక తప్పు కూడా చెప్పాలి. అందుకని కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

ముందు తప్పు సంగతి. రెండు షిఫ్టులు నడిచే ఒక గోడౌన్‌కి లెడ్ యాసిడ్ (సీసం ప్లేట్లు యాసిడ్‌లో మునిగి ఉండే పాతరకం) బ్యాటరీ బండ్లు మూడు పంపాం, బండికి ఒక్క బ్యాటరీ చొప్పున. లెడ్ యాసిడ్ లెక్క ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు: ఎనిమిది గంటలు పని, ఎనిమిది గంటలు ఛార్జింగ్, ఆ వేడి చల్లారడానికి ఇంకో ఎనిమిది గంటలు. అంటే రోజుకు ఒక షిఫ్టు. రెండో షిఫ్టు కూడా నడవాలంటే రెండో బ్యాటరీ ఉండాలి, టన్ను బరువుండే దాన్ని దించి ఎక్కించే ఏర్పాటు ఉండాలి. అవేవీ ఇవ్వకుండా "భోజనాల టైములో కాసేపు ఛార్జింగ్ పెట్టుకోండి, గడిచిపోతుంది" అని చెప్పింది నేనే.

గడవలేదు. రెండేళ్లు కూడా నిండకముందే బండి సగం షిఫ్టుకే నీరసపడుతోందని ఫోన్ వచ్చింది. వెళ్లి మూత తీసి చూశాను. కొన్ని సెల్స్‌లో, అంటే బ్యాటరీ లోపలి గదుల్లో, నీళ్లు ప్లేట్ల కిందికి దిగిపోయాయి, బయటపడ్డ ప్లేట్ల అంచులు తెల్లబారి ఉన్నాయి. రాత్రంతా ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ అది, యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ ముంచితే 1.280 దరిదాపుల్లో చూపించాలి, ఒక సెల్‌లో 1.150 దగ్గరే ఆగిపోయింది. రోజంతా పని చేసి దిగిపోయిన బ్యాటరీ చూపించే అంకె అది. "నీళ్లు పోస్తూనే ఉన్నాం సార్" అన్నాడు ఆపరేటర్. నిజమే, పోశాడు. కానీ ఛార్జింగ్‌కి ముందు నిండా పోశాడు. ఛార్జింగ్‌లో లోపలి ద్రవం ఉబ్బుతుంది కాబట్టి యాసిడ్ పొంగి బయటికొచ్చి ట్రే అడుగంతా తుప్పు పట్టింది. ప్లేట్లు బయటపడితే మునిగేంతవరకే ముందు పోయాలి, మిగతాది ఛార్జింగ్ అయ్యాకే. ఈ మాట ఆ అబ్బాయికి చెప్పాల్సింది మేము, చెప్పలేదు. ఆ బండ్లు మార్చి ఇచ్చాం, బ్యాటరీల ఖర్చు మేమే పెట్టుకున్నాం.

ఆ తర్వాత కూర్చుని ఆలోచిస్తే నాకు అర్థమైంది ఏంటంటే, బండి ఎన్ని గంటలు నడుస్తుందని ప్రతి కస్టమర్‌నీ అడిగాం గానీ ఎప్పుడెప్పుడు ఆగుతుంది, ఆగినప్పుడు ఎక్కడ ఉంటుంది అని ఒక్కరినీ అడగలేదు. ఇప్పుడు ఆపరేటర్ల చేత అవే రాయిస్తున్నాం. బండి నడిచిన గంటలు చూపే అవర్ మీటర్‌లో ఎనిమిది గంటలు కనిపించినా అందులో లారీ కోసం కీ ఆన్‌లో ఉంచి ఎదురుచూసిన టైమెంత, సరుకు ఎత్తే ఫోర్కులు నిజంగా లేచిన టైమెంత అని విడదీసి చూస్తే బండి ఎంపిక చాలాచోట్ల మారిపోయింది.

ఒక్క షిఫ్టు నడిచి రాత్రంతా ఖాళీగా ఉండే చోట లెడ్ యాసిడే కొనసాగిస్తాం. జాగ్రత్తగా చూసుకుంటే, అంటే ఛార్జ్ ఇరవై శాతం కంటే కిందికి దించకుండా, దిగిపోయాక అలాగే వదిలేయకుండా ఉంటే, 1500 సార్లు ఛార్జింగ్ చేసేదాకా పనిచేసే బ్యాటరీ అది. అలాంటివాళ్లకు లిథియం బ్యాటరీ అంటగట్టి ఎక్కువ అద్దె తీసుకోవడం నాకు ఇష్టం లేదు. కాకపోతే ఛార్జింగ్ చేసే చోట గాలి ఆడాలి. ఛార్జింగ్ చివర్లో బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, గాలిలో అది నాలుగు శాతానికి చేరితే చిన్న నిప్పురవ్వ చాలు. ఛార్జర్ పక్కన అట్టపెట్టెలు పేర్చడం చాలాచోట్ల చూశాను, దయచేసి ఈరోజే తీసేయండి.

రెండు మూడు షిఫ్టులు గోడౌన్ లోపలే నడిచేవాళ్లకు లిథియం బండ్లు పంపుతాం. టీ టైములో పది నిమిషాలు, భోజనాలప్పుడు అరగంట ప్లగ్ పెట్టుకోవచ్చు, నీళ్ల గొడవ లేదు, షిఫ్టు చివర్లో కూడా ప్యాలెట్ (సరుకు పేర్చే పలక) మొదట్లో లేచినట్టే లేస్తుంది. అద్దె మాత్రం పెరుగుతుంది, అది దాచను. ఇంకో విషయం, కరెంటు. 48 వోల్టుల 500 ఆంపియర్ అవర్ బ్యాటరీలో దాదాపు 24 కిలోవాట్ అవర్ల కరెంటు పడుతుంది. గంటలో సగం నింపాలంటే ఒక్క బండికే 12 కిలోవాట్లు. నాలుగు బండ్లూ భోజనాల టైముకి ఒకేసారి ప్లగ్ పెడితే 48, మీ గోడౌన్‌కున్న కరెంటు లోడ్ అంత మోయగలదో లేదో ముందే చూసుకోవాలి. కోల్డ్ స్టోరేజ్ వాళ్లకు ఇంకో మాట, సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్న లిథియం బ్యాటరీని మామూలుగా ఛార్జింగ్ పెట్టకూడదు, హీటర్ ఉన్న బ్యాటరీ అయినా ఉండాలి, బండిని బయటికి తెచ్చయినా పెట్టాలి. మీ పాత బండిలో బ్యాటరీ ఒక్కటే మార్చి ఇవ్వమని అడుగుతున్నారు కొందరు. లిథియం తేలిక, వెనకాల ఆ బరువే ఎత్తిన సరుకుకి సరితూగేది, అందుకే తగ్గినంత బరువు ఇనుప దిమ్మలతో కలపకుండా మేం మార్చం.

బయట యార్డులో, వానలో, గతుకుల్లో, బాగా ఏటవాలుగా ఉన్న ర్యాంపుల మీద రోజంతా బరువులు మోసే బండ్లు ప్రస్తుతానికి డీజిలే. కానీ మూసిన గోడౌన్‌లోకి డీజిల్ బండి ఇక పంపం, "షట్టర్లు తెరిచే ఉంచుతాం" అన్నా పంపం. డీజిల్ పొగ మనుషులకు క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చింది. ఆ పొగ ముందు పీల్చేది బండి మీద కూర్చున్న మా ఆపరేటరు, తర్వాత పక్కనే సరుకు సర్దే మీ మనుషులు. గ్యాస్ బండి సిలిండర్ నిమిషాల్లో మారిపోతుంది, పొగ కంటికి కనపడదు, అందుకే లోపలికి ఫర్వాలేదనుకుంటారు. ట్యూనింగ్ తప్పిన ఇంజిన్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ ఉండదు, వాసనా ఉండదు. కొత్తగా గ్యాస్ బండ్లు కొనడం ఆపేశాం. హైడ్రోజన్ బండి మూడు నాలుగు నిమిషాల్లో నిండుతుంది గానీ నింపే స్టేషన్ ఖర్చు పెద్దపెద్ద గోడౌన్లకే గిట్టుబాటు, మా స్థాయి వాళ్ల పని కాదు.

మీ బండ్లు మార్చే ముందు మావాళ్లు వచ్చి చూస్తారు. అంతలోపు ఒక వారం పాటు బండి ఏయే టైముల్లో ఎంతసేపు ఆగింది, ఆగిన చోటి నుంచి ప్లగ్ పాయింట్ ఎన్ని అడుగుల దూరంలో ఉంది అన్నది రాసి పెట్టండి. దూరం ఎందుకంటే, ప్లగ్ గోడౌన్ అవతలి చివర ఉంటే టీ టైములో ఎవరూ అంతదూరం బండి తీసుకెళ్లరు. నీట్‌గా రాయక్కర్లేదు, ఆ కాగితం ఫొటో తీసి వాట్సాప్ చేసినా చాలు.