సర్వే పెగ్గులు పాతకముందే గెడ్డల లెక్క తేల్చండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ పేపర్లో విశాఖ చుట్టుపక్కల రాబోయే రోడ్ల మీద పెద్ద వార్త వచ్చింది. ఎన్ని లేన్లు, ఎన్ని ఫ్లైఓవర్లు, ఎంత భూసేకరణ, అన్నీ వేశారు. ఆ రోడ్లు ఎన్ని గెడ్డలు, అంటే వాన నీళ్లు పారే వాగులు, దాటాలి, వాటిలో దేనికి ఎవరి పర్మిషన్ కావాలి అన్నది మాత్రం కనపడలేదు. మీ తప్పు కాదు, అడిగితే చెప్పే నాథుడు లేడు, అందుకే రాస్తున్నాను.

మాది పెందుర్తి దగ్గర పల్లె. మా ఊరి రోడ్డు వెడల్పు చేసేటప్పుడు సర్వే వాళ్లు మే నెలలో వచ్చారు. గెడ్డ ఎండిపోయి అందులో పశువులు తిరుగుతున్నాయి. అయినా ఒడ్డున జమ్ము గుబురుగా ఉంది, గునపం దించితే జానెడు లోతులోనే నల్లటి బంకమట్టి, మురుగు వాసన. మా పెదనాన్న "బాబూ, ఇది నీళ్లు నిలిచే చోటు, శ్రావణంలో వచ్చి చూడు" అంటే, ఆ కుర్రాడు కాగితం చూపించి "ఇందులో పోరంబోకు అనే ఉంది తాతా" అన్నాడు. పాత రాతి కల్వర్టు తీసేసి రెండు సిమెంటు తూములు వేశారు. ఆ ఏడు వానలకే తూముల నోట్లో తూటికాడ అడ్డంపడి, నీళ్లు వెనక్కి తన్ని మా వీధిలోకి వచ్చేశాయి, ధాన్యం బస్తాలు మంచాల మీదకెక్కించి మూడు రోజులు కాపలా కూర్చున్నాం. మా వసారా గోడ మీద మోకాలెత్తున ఆ నీటి గీత ఇప్పటికీ ఉంది.

మా అమ్మాయి అమెరికాలో రోడ్లు డిజైన్ చేసే కంపెనీలో పనిచేస్తుంది. అక్కడ 1972 నాటి శుభ్రజల చట్టం 404వ సెక్షన్ ఉందట, దాని పరిధిలోకి వచ్చే నీళ్లలో, చిత్తడి నేలల్లో మట్టి పొయ్యాలంటే ఆర్మీ ఇంజనీర్ల విభాగం పర్మిట్ ఇవ్వాలి. అందుకని ముందే మనుషులు నేల మీద నడిచి మూడు గుర్తులు చూస్తారు: నీటి జాడ, మట్టి, మొక్కలు. మా పెదనాన్న చూపించినవీ అవే కదా అనిపించింది! అక్కడా తగువులు లేకపోలేదు, 2023లో వాళ్ల సుప్రీంకోర్టు ఆ చట్టం పరిధిని బాగా కుదించింది. అయినా ఏది దాని కిందికి వస్తుంది, ఏది రాదు అని కాగితం మీద తేల్చుకుంటారు.

మనకీ చట్టాలున్నాయి. 2017 చిత్తడి నేలల నిబంధనల ప్రకారం నోటిఫై అయిన చోట, అంటే చిత్తడి నేల అని సర్కారు ప్రకటించిన చోట, గత పదేళ్ల సగటు గరిష్ఠ వరద మట్టం నుంచి 50 మీటర్ల లోపు పడవల రేవులు తప్ప శాశ్వత కట్టడాలు కూడదు. కానీ నదీ ప్రవాహాలనీ, వరి పొలాలనీ, తాగునీటికో సాగుకో మనిషి కట్టిన చెరువులనీ ఆ నిబంధనలే లెక్కలోంచి తీసేశాయి. ఇక గెడ్డని నది కింద లెక్కేస్తే అయిపోయింది, ఊరి చెరువు సాగుకి తవ్వింది అంటే అదీ పోయింది. పోటు నీళ్లొచ్చే ఉప్పుటేర్లు, మడ అడవులు సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ జోన్) కిందికి వెళ్తాయి, దానికి ఇంకో ఆఫీసు. పోనీ పర్యావరణ అనుమతి చూద్దామంటే, ఏ పనులకి అది కావాలో చెప్పే 2006 నోటిఫికేషన్లో రైల్వే లైన్ల ఊసే లేదు, ఉన్న జాతీయ రహదారిని వెడల్పు చేస్తే 100 కిలోమీటర్లు దాటితేగానీ దాని కిందికి రాదు.

2.25 హెక్టార్లు, అంటే సుమారు ఐదున్నర ఎకరాలు దాటిన చిత్తడి నేలలను నేల మీదకెళ్లి సరిచూసి హద్దులు గుర్తించమని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు మూడు నెలలు గడువు పెట్టింది. మన జిల్లాలో ఆ పని ఎక్కడిదాకా వచ్చిందో కలెక్టర్ గారు బయటపెట్టాలి. అంతకన్నా చిన్న బందలు, గుంటల సంగతి కూడా అడుగుతున్నాను, వాన నీళ్లు ఎకరాలు కొలుచుకుని ఆగవు కదండీ. 2021లో గులాబ్ తుఫానుకి ఎయిర్‌పోర్టు టెర్మినల్ దాకా నీళ్లొచ్చిన సంగతి మనందరం చూశాం.

నేను అడిగేది పెద్ద పనేం కాదు. రోడ్డు ఎలైన్‌మెంట్ ఖాయం చేయకముందే, వానాకాలంలో ఒకసారీ ఎండాకాలంలో ఒకసారీ ఆ దారంతా నడిచి, తగిలిన ప్రతి గెడ్డ, చెరువు, ఆవ (నీళ్లు నిలిచే పల్లపు నేల), ఉప్పుటేరు సర్వే నంబరుతో, ఫొటోతో రాయండి. దేనికి ఏ పర్మిషన్ కావాలో, అక్కర్లేదనుకుంటే ఏ నిబంధన ప్రకారం అక్కర్లేదో పక్కనే తెలుగులో రాసి గ్రామ సచివాలయం గోడకి అంటించండి. అభ్యంతరం చెప్పడానికి నెల రోజులు టైమివ్వండి, ఎందుకంటే తూములు వేశాక చెప్పి లాభం లేదు, మా ఊళ్లో చెప్పి చెప్పి అలిసిపోయాం.

మా పెదనాన్నకి ఎనభై దాటింది, గెడ్డ పాత దారి ఆయనకి కంఠతా వచ్చు. ఈ శ్రావణంలో ఎవరినైనా పంపిస్తే కర్ర పట్టుకుని ముందు నడిచి చూపిస్తానంటున్నారు.

— ఒక పాఠకుడు, పెందుర్తి మండలం, విశాఖపట్నం