‘స్వయం’ పరీక్ష పాసైనా మెమోలో క్రెడిట్ ఎక్కదేం?

సంపాదకులకు,

పగలు ఉద్యోగం చేసుకుంటూ డిగ్రీ పూర్తిచేయాలనుకునే వారికి కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక ‘స్వయం’లోని కోర్సులు మంచి వెసులుబాటు. పాఠాలు ఉచితం. వీలున్నప్పుడు విని, కేంద్రానికి వెళ్లి పరీక్ష రాసి, ఆ క్రెడిట్లను (పేపరు పాసైతే డిగ్రీ లెక్కలో చేరే పాయింట్లు) డిగ్రీలో కలుపుకోవచ్చు. సెమిస్టరు కోర్సుల్లో 20 శాతం దాకా ఇలా చదవొచ్చని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2016లో చెప్పింది, 2021లో దాన్ని 40 శాతానికి పెంచింది. అయినా సర్టిఫికెట్ చేతికొచ్చాక కూడా మెమోలో క్రెడిట్ ఎక్కక పరీక్షల విభాగం చుట్టూ తిరిగేవారు ఉంటూనే ఉన్నారు.

మొదటి చిక్కు అనుమతి దగ్గరే. ఏ స్వయం కోర్సు తమ సిలబస్‌లోని ఏ పేపరుకు బదులవుతుందో విశ్వవిద్యాలయం సెమిస్టరుకు ముందే ఆమోదించాలి. ఆ జాబితా చాలాచోట్ల నమోదు గడువు దగ్గరపడ్డాక గానీ నోటీసు బోర్డెక్కదు. రోజూ కాలేజీకి వచ్చే విద్యార్థి చూసుకుంటాడు, షిఫ్టులో ఉన్నవాడికి తెలిసేదెలా? నచ్చిన కోర్సు చేసేసి తర్వాత తీసుకెళితే ‘మా జాబితాలో లేదు’ అంటారు. క్రెడిట్ల లెక్క కూడా కుదరాలి. స్వయంలో ఐఐటీలు తదితర సంస్థలు నడిపే ఎన్‌పీటీఈఎల్‌లో 12 వారాల కోర్సుకు 3 క్రెడిట్లు, 8 వారాలదానికి 2. మన పేపరు 4 క్రెడిట్లదైతే మిగిలిన ఒక్కటి ఎక్కడ సర్దాలో కాలేజీకే తెలియదు.

ఉద్యోగులు ఎక్కువగా దెబ్బతినేది అసైన్‌మెంట్ల దగ్గర. ఎన్‌పీటీఈఎల్‌లో అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. సర్టిఫికెట్ రావాలంటే అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30 విడివిడిగా రావాలి. 12 వారాల కోర్సులో మెరుగైన 8 అసైన్‌మెంట్ల సగటే లెక్క కాబట్టి నాలుగు వారాలు తప్పినా నష్టం లేదు. కానీ మూడే పంపితే, మిగతా అయిదూ సున్నాలుగా కలుస్తాయి కాబట్టి, మూడింటికీ నూటికి నూరు వచ్చినా సగటు 37.5 శాతమే, అంటే 25కి 9.4 కూడా దాటదు. అప్పుడు పరీక్షలో 70 వచ్చినా సర్టిఫికెట్ రాదు. పనిఒత్తిడి ఉండే నెలాఖరు వారాలను వదిలేసి, మిగతా వారాల అసైన్‌మెంట్లు గడువులోగా పంపేయడం మేలు. పరీక్షకు విడిగా నమోదై ఫీజు కట్టాలన్నదీ కొందరు మరిచిపోతారు. కోర్సులో చేరినంత మాత్రాన హాల్‌టికెట్ రాదు.

ఇక పేరు గొడవ. క్రెడిట్లు జమయ్యేది విద్యార్థి క్రెడిట్లను ఆన్‌లైన్‌లో దాచే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతాలో. డిజీలాకర్ ద్వారా ఆ ఖాతా తెరిస్తే ఆధార్‌లోని పేరే వస్తుంది. మనవాళ్లకు పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరం. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన మహిళల సంగతి చెప్పనక్కర్లేదు. పేర్లు కలవకపోతే జమ ఆగిపోతుంది, సవరణకు ఆధార్ కేంద్రం, కాలేజీ, రెండింటికీ పనివేళల్లోనే వెళ్లాలి. కోర్సులో చేరే ముందే ఆధార్, కాలేజీ రికార్డు, స్వయం ఖాతా మూడింట్లోనూ పేరు అక్షరం తేడా లేకుండా చూసుకుంటే సగం తిప్పలు తప్పుతాయి.

విద్యార్థి జాగ్రత్తతో తీరేది ఇంతవరకే. రెండు రాష్ట్రాల ఉన్నత విద్యా మండళ్లు జనవరి, జూలై సెమిస్టర్ల నమోదు మొదలవకముందే స్వయం కోర్సు, దానికి సమానమైన పేపరు, క్రెడిట్లు చూపే ఉమ్మడి పట్టికను వెబ్‌సైట్‌లో పెట్టాలి. 3 క్రెడిట్ల కోర్సును 4 క్రెడిట్ల పేపరుకు ఎలా సర్దుతారో కూడా అందులోనే రాయాలి. స్వయం ఫలితాలు ఆలస్యమైతే ఆ పేపరును ‘ఫెయిల్’ అని కాక ‘ఫలితం రావాల్సి ఉంది’ అని మెమోలో చూపాలి. పేరు సవరణ దరఖాస్తులను పరీక్షల విభాగాలు ఆన్‌లైన్‌లోనే తీసుకోవాలి, లేదా నెలకో ఆదివారమైనా కౌంటర్ తెరవాలి.

– ఒక డిగ్రీ కళాశాల అధ్యాపకుడు, కరీంనగర్