గోధుమ లేని పనెత్తోనె

మిలాన్,
డిసెంబరు

పూజ్యులైన నాన్నగారికి, మీ పెద్దమ్మాయి నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమందరం క్షేమంగా ఉన్నాము. అమ్మకు మోకాలి నొప్పి తగ్గిందని చెల్లి ఫోనులో చెప్పింది, మనసు కుదుటపడింది.

కిందటి ఉత్తరంలో మీరు ఒక ప్రశ్న వేశారు. అన్నం తినే ఇంటి పిల్లకు గోధుమ పడకపోతే అన్నమే పెట్టుకోవచ్చు కదా, పనెత్తోనె అనే ఆ క్రిస్మస్ రొట్టె కోసం ఇంత శ్రమ ఎందుకమ్మా అన్నారు. ఫోనులో అయితే సగం మాటలు మిగిలిపోతాయి. ఇన్నేళ్లు రసాయనశాస్త్రం బోధించినవారు కనుక విషయమంతా వివరంగా రాస్తేనే మీకు తృప్తిగా ఉంటుందని కూర్చున్నాను.

ముందు జబ్బు సంగతి. మీ మనవరాలికి ఉన్న సీలియాక్ వ్యాధిలో గోధుమ, బార్లీ, రై ధాన్యాలలోని గ్లూటెన్ కడుపులోకి వెళ్లినప్పుడల్లా శరీర రక్షణ వ్యవస్థ తన చిన్నపేగు గోడ మీదికే తిరగబడుతుంది. పోషకాలను పీల్చుకునే సన్నని నూగు అరిగిపోయి, పిల్ల ఎంత తిన్నా ఒంటికి పట్టదు. దీనికి మందు లేదు, గ్లూటెన్‌ను జీవితాంతం మానడమే చికిత్స. ఈ జబ్బుకు గోధుమే కారణమని గుర్తించి, 1950లో తన పరిశోధన గ్రంథంలో చూపినవాడు విలెం డికె అనే డచ్ పిల్లల వైద్యుడు. ఇటువంటి జబ్బు మన వైపు ఎప్పుడూ వినలేదని అమ్మ అన్న మాట నిజమే. మన దేశంలో జరిపిన పరిశీలనలో ఉత్తరాది కంటే దక్షిణాదిలో ఇది చాలా తక్కువగా కనిపించింది. జబ్బుకు అవకాశమిచ్చే జన్యువులు మనవాళ్లలోనూ ఉన్నాయి కానీ మనం గోధుమ తక్కువగా తినడమే ఆ తేడాకు కారణం కావచ్చునని ఆ వైద్యులు భావించారు.

ఇటలీలో ఈ జబ్బును చాలా శ్రద్ధగా పట్టించుకుంటారు. 2005 జులై 4న చేసిన చట్టం ప్రకారం బడిలో, ఆసుపత్రిలో అడిగినవారికి గ్లూటెన్ లేని భోజనం పెట్టి తీరాలి. ఇలాంటి ఆహారం కొనుక్కోవడానికి ప్రభుత్వ ఆరోగ్య విభాగం నెలనెలా కొంత సొమ్ము ఇస్తుంది. పిల్లలందరికీ చిన్నతనంలోనే ఈ జబ్బు పరీక్ష చేయించాలని 2023లో మరో చట్టం తెచ్చారు. కాబట్టి రోజువారీ తిండికి మాకు లోటు లేదు. అన్నం, పప్పు, ఇడ్లీ, దోసె, చేపల పులుసు, అన్నీ ఉన్నాయి.

లోటంతా పండుగ నాడు వస్తుంది, నాన్నగారూ. డిసెంబరులో ఈ ఊరిలో ఎవరింటికి వెళ్లినా బల్ల మీద పనెత్తోనె ఉంటుంది. ఆఫీసులో ఇస్తారు, బడిలో పంచుతారు, పై అంతస్తు పెద్దావిడ కోసి పళ్లెంలో పెట్టి పంపుతుంది. మిలాన్ వాళ్లు పండుగ రొట్టెలో ఒక ముక్క దాచి, ఫిబ్రవరి 3న సాన్ బియాజో అనే క్రైస్తవ సాధువు పర్వం నాడు గొంతుకు ఏ జబ్బూ రాకూడదని ఇంటిల్లిపాదీ తలా కొంచెం తింటారు. ఇది ఈ పిల్ల పుట్టిన ఊరు, తన స్నేహితులందరూ ఇక్కడివారే. అందరూ ఒకే రొట్టె తింటూ ఉంటే ఈ పిల్ల చేతిలో ఒక యాపిల్ పండు పెట్టి కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. అన్నం ఆకలి తీరుస్తుంది, ఆ బల్ల దగ్గర చోటు మాత్రం ఇవ్వదు. దుకాణాలలో గ్లూటెన్ లేకుండా పనెత్తోనెలా చేసిన రొట్టెలు దొరుకుతాయి, వాటిలో మెత్తనివీ ఉన్నాయి, మేమూ కొన్నాము. అయితే రొట్టె కాలుతున్నప్పుడు ఇల్లంతా వెన్న, నారింజ తొక్కల వాసన నిండడం కూడా పండుగలో భాగమే కనుక ఇంట్లో చేయాలని పూనుకున్నాను.

అసలు పనెత్తోనె ఎలా ఉంటుందో చెప్తాను. గుమ్మటంలా పైకి ఉబ్బిన ఎత్తైన తీపి రొట్టె, లోపల ఎండుద్రాక్ష, పాకం పట్టిన నారింజ తొక్క, మాదీఫలం ముక్కలు. ఒకప్పుడు పొట్టిగా ఉండే ఈ రొట్టె చుట్టూ కాగితం కట్టి ఎత్తుగా లేపే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినది 1919లో మిలాన్‌లో బేకరీ తెరిచిన అంజెలో మోట్టా అంటారు. ఆ పేరుతో అమ్మే రొట్టె ఎలా ఉండాలో కూడా ఇక్కడ ప్రభుత్వ నిబంధన ఉంది. గోధుమ పిండితో చేయాలి, పులిసిన తోడు పిండితో పొంగాలి, వెన్న కొవ్వు 16 శాతానికి, ద్రాక్ష, పాకం తొక్కలు 20 శాతానికి తగ్గకూడదు. ఆ నిబంధన తేదీ 2005 జులై 22. అంటే పిల్లకు గ్లూటెన్ లేని తిండి హక్కుగా ఇచ్చిన చట్టమూ, ఈ రొట్టెకు గోధుమను తప్పనిసరి చేసిన నిబంధనా ఒకే నెలలో వచ్చాయి.

గోధుమే ఎందుకు కావాలంటే, పిండిని నీటితో కలిపి మర్దించినప్పుడు అందులోని గ్లూటెనిన్, గ్లియడిన్ అనే రెండు రకాల ప్రోటీన్లు కలిసి సాగే వలగా ఏర్పడతాయి. పులిసేటప్పుడు పుట్టిన బొగ్గుపులుసు వాయువు ఆ వలలో చిక్కి పిండిని ఉబ్బిస్తుంది. పనెత్తోనెలో పడే వెన్న, పచ్చసొన, చక్కెర, మూడూ ఆ వలను బలహీనపరిచేవే. పైగా ద్రాక్ష బరువు. అందుకే ఇక్కడి బేకరీవాళ్లు చాలా బలమైన పిండిని ఎంచుకుని, రెండు విడతలుగా కలిపి, మొదటి ముద్దను రాత్రంతా పులియబెడతారు. ఇటలీ రొట్టెలలో గ్లూటెన్ మీద ఇంతగా ఆధారపడినది ఇంకొకటి లేదని నా అభిప్రాయం. ఆ గ్లూటెన్‌నే తీసేసి రొట్టె నిలబెట్టాలి.

దాని పని అంతా చేయగల పదార్థం ఒక్కటి కూడా లేదు. కొన్ని పదార్థాలు కలిసి ఆ పని మోయాలి. బియ్యప్పిండి, మొక్కజొన్న గంజిపొడి, బంగాళాదుంప గంజిపొడి, కర్రపెండలం గంజిపొడి కలిస్తే ఒళ్లు ఏర్పడుతుంది. బియ్యానికి ఇక్కడ కొరత లేదు. మిలాన్‌కు పడమట వెర్చెల్లి, నొవారా వైపు వెళ్తే మన డెల్టాలోలాగే నీళ్లు నిలిచిన వరిచేలు, యూరప్‌లో అన్నిటికంటే ఎక్కువ వరి పండించే దేశం ఇటలీయే. పట్టు కోసం వాడేది ఇసబ్గోలు, అదే మీరు రాత్రి పడుకునే ముందు గ్లాసులో వేసుకునే పొట్టు. అది నీటిని పీల్చి జిగురుగా మారి పిండిని కొంత సాగేలా చేస్తుంది. దానికి తోడుగా వేసే గ్వార్ గమ్ మన గోరుచిక్కుడు గింజల నుంచి వచ్చేదే. ఈ రెండింటినీ ప్రపంచానికి ఎక్కువగా అందించేది మన దేశమే. గుజరాత్, రాజస్థాన్ రైతుల పంట లేకపోతే ఇటలీలో నా పండుగ రొట్టె పొంగదని తెలిసినప్పుడు చాలా గర్వంగా అనిపించింది. ఫ్యాక్టరీ మిశ్రమాలలో సెల్యులోజ్ నుంచి చేసిన ఇంకొక జిగురు కూడా ఉంటుంది. దాని గుణం మీకు నచ్చుతుంది: వేడెక్కితే గట్టిపడుతుంది, చల్లారితే మళ్లీ వదులవుతుంది. రొట్టె పొయ్యిలో ఉబ్బే సరైన సమయానికి గోడలను అది పట్టి ఉంచుతుంది.

గ్లూటెన్ లేకుండా పిండి పొంగడం మనకు కొత్త కాదు. ఇడ్లీ పిండి తీసుకోండి. అందులో బియ్యం ఒక్కటే వేస్తే పొంగదు, మినప్పప్పులోని ప్రోటీను, జిగురు గాలిబుడగలను పట్టి ఉంచుతాయి. ఇక్కడివాళ్లకు ఈ రొట్టెలో మర్దన అలవాటు. గ్లూటెన్ లేని పిండిని మర్దించి ప్రయోజనం లేదు, గరిటెజారుగా కలిపి అచ్చులో పోయాలి. చిన్నప్పటి నుంచి అమ్మ రుబ్బిన పిండి జారుడు చూసిన చేతికి ఆ పదును త్వరగా తెలుస్తుంది.

నేను చేసే కొలత రాస్తున్నాను, చెల్లికి కూడా చూపించండి. ముప్పావు కిలో అచ్చుకు గ్లూటెన్ లేని పిండి మిశ్రమం 250 గ్రాములు, ఇసబ్గోలు పొడి 8 గ్రాములు, చక్కెర 75, మెత్తబడిన వెన్న 70, పాలు 190, ఒక గుడ్డు, పైగా రెండు పచ్చసొనలు, ఎండు ఈస్టు 5 గ్రాములు, చిటికెడు ఉప్పు, ద్రాక్ష, పాకం తొక్కలు కలిపి 120 గ్రాములు. ఇసబ్గోలును ముందుగా గోరువెచ్చని పాలలో నానబెట్టి జిగురు తేలనివ్వాలి. మిగిలినవి కలిపి, వెన్న చివరగా కొంచెం కొంచెంగా చేర్చాలి. వెన్న ఇంకా పెంచితే ముద్ద కుంగిపోతుంది, నిబంధనలోని 16 శాతం దీనితో అందుకోలేను. పండ్లను సన్నగా తరగాలి, పెద్ద ముక్కలను ఈ పిండి మోయలేదు, అవి అడుగుకు చేరతాయి. పులియడం ఒకేసారి, వెచ్చని చోట. పిండి అచ్చు అంచుకు రెండు వేళ్ల కిందికి వచ్చేసరికి పొయ్యిలో పెట్టాలి. అంచుదాకా రానిస్తే వాయువును పట్టి ఉంచలేక పొయ్యిలోనే కూలుతుంది. 170 డిగ్రీల వేడిలో సుమారు 50 నిమిషాలు, పైభాగం రంగు తిరిగాక రేకు కప్పాలి. రొట్టె మధ్యలో గుచ్చిన థర్మామీటరు 96 డిగ్రీలు చూపాలి. ఇక్కడ తొందర పనికిరాదు, మధ్య తడి ఆరకపోతే ఎంత వాసన వచ్చినా తినలేము.

తీసిన వెంటనే పనెత్తోనెను తలకిందులుగా వేలాడదీస్తారు. కాగితపు అచ్చు అడుగున రెండు పొడవాటి ఇనుప చువ్వలు గుచ్చి రెండు కుర్చీల నడుమ ఆనించి గంటల తరబడి ఉంచుతారు, వేడిగా ఉన్న మెత్తటి గుజ్జు తన బరువుకు తానే అణగకుండా. మాది బాగా కాలితేనే చువ్వలకు నిలుస్తుంది.

వేరోనా ఊరి పందోరో కూడా చేశాను. 1894లో దొమెనికో మెలెగాత్తి పేటెంటు తీసుకున్న నక్షత్రం ఆకారపు రొట్టె అది, పండ్లు ఉండవు. లోహపు అచ్చు గోడలే ఆసరా కనుక చేయడం సులువు, రుచి మాత్రం నాకు పనెత్తోనె అంత నచ్చదు. ఈస్టరుకు పావురం ఆకారంలో చేసే కొలొంబా వసంతంలో మొదలుపెడతాను.

శుభ్రత విషయంలో మాత్రం నేను ఎవరి మాటా వినను. కిలో ఆహారంలో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు దాటకపోతేనే యూరప్‌లో గ్లూటెన్ లేనిదని రాయవచ్చు. అంటే జల్లెడ రంధ్రాలలో మిగిలిన గోధుమ పిండి చాలు, రొట్టె పాడవడానికి. అందుకే జల్లెడ, చెక్క గరిటె, అచ్చులు వేరు. ఈ రొట్టె రెండు రోజులకే గట్టిపడుతుంది, గంజి అణువులు మళ్లీ బిగుసుకుంటాయి. కనుక చల్లారగానే ముక్కలు కోసి డీప్ ఫ్రీజర్‌లో పెడతాను. ఫిబ్రవరి 3కి పిల్ల వాటా అలాగే దాచాను.

సంక్రాంతికి వచ్చేటప్పుడు మీకు రెండు ముక్కలు తెస్తాను. ఈలోగా అమ్మకు ఒక మాట చెప్పండి. మన ఇంట్లో వాడే పొడి ఇంగువలో చాలావరకు మైదా కలుపుతారు. డబ్బా మీద చదివి, మైదా లేని ముద్ద ఇంగువ తెప్పించి పిల్ల పులుసుకు వేరుగా వేయమనండి. పూరీలు వేయించిన నూనెలో జంతికలు వేయవద్దు. అరిసెలకు భయం లేదు, బియ్యప్పిండి మర పట్టించేటప్పుడు గోధుమ తరువాత పోయించకుండా చూసుకోమనండి.

అమ్మకు నా నమస్కారాలు, చెల్లికి, మరిదిగారికి ఆశీస్సులు.

ఇట్లు,
మీ పెద్దమ్మాయి