ఇంటి కిట్‌లో వచ్చిన బ్రేక్ ప్యాడ్లు వాడకండి, వెనక్కి తెచ్చివ్వండి

ఈ ఉగాది తర్వాత మన బైకు సామాన్ల షాపులో ఇంటి సర్వీస్ కిట్ (బండి సర్వీసు ఇంట్లోనే చేసుకోవడానికి కావాల్సిన విడి భాగాల పెట్టె) తీసుకున్న వాళ్లందరూ దయచేసి ముందు ఈ పని చేయండి. కిట్‌లో ఉన్న ముందు చక్రం డిస్క్ బ్రేక్ ప్యాడ్లు ఇంకా బిగించకపోతే బిగించొద్దు. బిగించేసి ఉంటే బండి బయటికి తీయొద్దు. ఒక్క ఫోన్ చేయండి, మా షాపు కుర్రాడే మీ ఇంటికి వచ్చి విప్పి చూస్తాడు. తిరుపతి, రేణిగుంట, చంద్రగిరి వాళ్లకు దీనికి రూపాయి కూడా తీసుకోం. చిత్తూరు, మదనపల్లె వైపు వాళ్లు ప్యాడ్లు విప్పి కొరియర్‌లో పంపండి, ఖర్చు మాది. బిల్లు ఉన్నా లేకున్నా పర్వాలేదు. ఎవరు ఏం తీసుకుపోయారో నా పుస్తకంలో రాసి ఉంది.

కిట్‌లోని ఆయిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గు, డ్రెయిన్ బోల్టు వాషరు వేరే చోటు నుంచి వచ్చినవి. వాటికి ఏ ఇబ్బందీ లేదు, నిశ్చింతగా వాడుకోండి.

ఇప్పుడు జరిగింది చెబుతాను. కరకంబాడి రోడ్డులో ఉండే ఒక తమ్ముడు మన పాత కస్టమర్. పాత హోండా సీబీఆర్ 250ఆర్ బండి, సర్వీసంతా ఆదివారం పూట ఇంటి వరండాలో తనే చేసుకుంటాడు. కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) విప్పి, పిస్టన్లు శుభ్రం చేసి, కొత్త ప్యాడ్ పెట్టబోయే ముందు వెలుతురులో తిప్పి చూశాడు. ఇనప ప్లేటుకు, దానికి అతికించిన ప్యాడ్ మెటీరియల్‌కు మధ్య సన్నటి గీత కనిపించింది. ఫొటో పంపి ఫోన్ చేశాడు. "అన్నా, ఇదేంది, గోరు లోపలికి పోతా ఉండాది చూడు" అన్నాడు. నేను వెంటనే షాపులో ఉన్న స్టాకంతా బల్ల మీద పోసి ఒక్కో పెట్టె విప్పాను. కొన్ని బాగానే ఉన్నాయి. కొన్నింటిలో అదే గీత, ఆ గీతలో ఎర్రగా తుప్పు. ఒక ప్యాడ్‌ను స్క్రూడ్రైవర్ మొనతో కొంచెం పైకి లేపితే మెటీరియల్ మొత్తం ఒకే పలకగా ఊడి నా అరచేతిలో పడింది. కింద ప్లేటు మీద జిగురు ఒక మూలే అంటుకుని ఉంది. మిగతా భాగమంతా పాత తుప్పు మీదే పూసినట్టు గరుకుగా ఉంది.

ఇది ఎందుకంత ప్రమాదమో బండి పని తెలిసిన మీకు వేరే చెప్పక్కర్లేదు, కానీ కొత్తగా నేర్చుకుంటున్న తమ్ముళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి చెబుతాను. డిస్క్ ప్యాడ్ అంటే ఉక్కు ప్లేటు మీద రెసిన్ కలిపిన మిశ్రమాన్ని వేడితో, ఒత్తిడితో అతికించిన ముక్క. అతికించే ముందు ఆ ప్లేటును బ్లాస్టింగ్ (గట్టి రేణువులను వేగంగా చిమ్మి శుభ్రం చేయడం) చేసి తుప్పు, నూనె పూర్తిగా పోగొట్టాలి. మంచి కంపెనీలు చాలావరకు ప్లేటులో రంధ్రాలు కూడా పెడతాయి, మెటీరియల్ వాటిలోకి దిగి పట్టుకుంటుంది. ఈ డూప్లికేట్లలో ఆ శుభ్రం చేసే పని ఎగ్గొట్టారు. ఊళ్లో నాలుగు సిగ్నళ్ల మధ్య తిరిగినంత కాలం తేడా తెలియదు. వేడెక్కినప్పుడే బయటపడుతుంది.

మనవాళ్లకు వేడెక్కే చోటు ఏదో తెలిసిందే. తిరుమల నుంచి దిగేది 1944 నాటి పాత ఘాట్‌లో. ఆ దారిలో 36 హెయిర్‌పిన్ మలుపులున్నాయి. వెనక ఇంట్లోవాళ్లు, సైడ్ బ్యాగుల్లో సామాను, ముందు బస్సు. రెండో గేరులో ఇంజిన్ మీద దిగినా మలుపు మలుపుకీ ముందు బ్రేకు పట్టాల్సిందే. భాకరాపేట ఘాట్ కూడా అంతే. అలాంటి చోట ప్యాడ్ ఊడితే లివరు ఒక్కసారిగా లోపలికి పోతుంది, ప్లేటు ఇనుము డిస్కు మీద గీసుకుంటుంది. ఇంతవరకు ఎవరికీ ఏమీ కాలేదు. ఆ వేంకటేశ్వరస్వామి దయ అని మనస్ఫూర్తిగా అనుకుంటున్నాను.

సప్లయర్ సంగతి. ఈ ప్యాడ్లు చెన్నైలో ఒక హోల్‌సేల్ వ్యాపారి దగ్గర కొన్నవి. చాలా ఏళ్లుగా అతని దగ్గరే కొంటున్నాను. ఎప్పుడూ నగదు ఇచ్చే తెచ్చుకున్నాను, అప్పు పెట్టింది లేదు. ఇన్నాళ్లూ వచ్చిన సరుకు బాగుంది. ఈసారి అదే పెట్టెలు, అదే అచ్చు, పైన మంచి సరుకు, అడుగున ఇది. ఫోన్‌లో అడిగితే అతను అన్న మాట నేను మరిచిపోలేను. "నువ్వు ఇంట్లో బిగించుకునే వాళ్లకు అమ్ముతా ఉండావు. సుత్తితో కొట్టి ఊడగొట్టి ఉంటారు. మెకానిక్కులకు అమ్ము, కంప్లెయింటే రాదు" అన్నాడు.

నన్ను తిట్టి ఉంటే ఊరుకునేవాణ్ణి. మీ చేతులను అన్నాడు. టార్క్ రెంచ్ (బోల్టు ఎంత బలంతో బిగిందో కొలిచే పానా) లేకుండా కాలిపర్ బోల్టు ముట్టుకోని మనుషులు మీరు. విప్పిన ప్రతి బోల్టును అట్ట మీద బొమ్మ గీసి అదే చోట గుచ్చి పెట్టుకునే మనుషులు. అలాంటివాళ్లను పట్టుకుని సుత్తి అంటాడా?

మరుసటి రోజే సీలు విప్పని పెట్టెలు బ్యాగులో వేసుకుని పుత్తూరు, నగరి మీదుగా చెన్నై పోయాను. అతని కౌంటరు మీద, పక్కన ఇంకో ఇద్దరు షాపువాళ్లు చూస్తుండగా, అతని చేతికే ఇచ్చి సీలు అతని చేతే విప్పించాను. రెండో పెట్టెలోనే ప్యాడ్ అంచున గోరు దూరింది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత క్రెడిట్ నోట్ రాసిస్తాను, వచ్చే సరుకులో సర్దుకో అన్నాడు. వద్దన్నాను. అతని దగ్గర వచ్చే సరుకు అనేది ఇక లేదు. నా డబ్బు నాకు వెనక్కి కావాలి అన్నాను. ఇంకా రాలేదు. వచ్చినా రాకపోయినా మీకు ఇవ్వాల్సింది నేను ఇస్తాను, దానికీ దీనికీ సంబంధం లేదు.

ఇక నేను ఎక్కువ మథనపడింది వేరే విషయం గురించి. ఇంటి కిట్టే మానేయాలా అని.

మానేయమని చెప్పినవాళ్లు పరాయివాళ్లు కాదు, నా మంచి కోరేవాళ్లే. మా బావమరిది అన్నాడు: కిట్ అమ్మితే మిగిలేది చిల్లర, రిస్కు మాత్రం కొండంత. అదే సామాను మన షాపులో బిగిస్తే లేబరు చార్జీ కూడా వస్తుంది, తేడా వస్తే మన కళ్ల ముందే తెలుస్తుంది. పెద్ద గ్యారేజీ నడిపే ఒక స్నేహితుడు కూడా అదే మాట. లెక్క చూస్తే వాళ్లు చెప్పింది తప్పు కాదు. పాత టూరింగ్ (దూర ప్రయాణాల) బండ్లకు సర్వీసు చేసేవాళ్లు మన ఊళ్లో తక్కువ. ఇంటి కిట్ ఆపేస్తే మీలో చాలామంది వేరే దారి లేక షాపుకే వస్తారు. ఆదాయం పెరుగుతుంది. నాకు ఇద్దరు పిల్లలు, షాపు అద్దె ఏటా పెరుగుతోంది. అందుకే రాత్రిళ్లు కూర్చుని నిజంగానే లెక్కలు వేశాను.

కానీ ఎటు నుంచి ఆలోచించినా ఒక్క దగ్గరికే వచ్చి ఆగాను. ఈ దొంగ సరుకును పట్టుకున్నది ఎవరు? ఇంట్లో పని చేసుకునే తమ్ముడే. వెనక పది బండ్లు వరసలో నిలబడి, కస్టమర్ గంటలో ఇచ్చేయమని తొందరపెడుతుంటే, ఏ మెకానిక్కూ ప్యాడ్‌ను వెలుతురుకు పెట్టి అంచు చూడడు. పెట్టె చించి, పెట్టి, బిగించి, పంపేస్తాడు. మా షాపులో కూడా అలాగే జరిగి ఉండొచ్చు. తన బండి అని, తన ఇంట్లోవాళ్లు దాని మీద కూర్చుంటారని తెలిసిన మనిషి కాబట్టే ఆ గీత కనిపించింది. ఆ మనిషి చేతిలో నుంచి పానా లాక్కుని నా చేతికి ఇవ్వడం ఎలా న్యాయం అవుతుంది?

ఇంకోటి. మీ బండ్లకు దిక్కు మీరే. సీబీఆర్ 250ఆర్ మన దేశంలోకి 2011లో వచ్చింది, 2020లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక ఆగిపోయింది. హీరో హోండా 223 సీసీ కరిజ్మా 2003 నాటిది. ఇప్పుడు ఆ బండి తీసుకుపోతే చాలా చోట్ల కొత్త కుర్రాళ్లు దాని కార్బురేటర్ ముట్టుకోవడానికే జంకుతారు. ఫెయిరింగ్ ప్యానెళ్లు, వాటి క్లిప్పులు దొరకడం ఎంత కష్టమో మీకు తెలుసు. ఇవి ఇంకా రోడ్డు మీద తిరుగుతున్నాయంటే ఇళ్లలో వాటిని ఓపికగా చూసుకునేవాళ్లు ఉన్నందుకే. మా నాయన సైకిల్ షాపులో కూడా పంక్చరు వేయడం అడిగిన ప్రతివాడికీ నేర్పేవాడు. బేరం పోతుందని ఎవరైనా అంటే పట్టించుకునేవాడు కాదు. నేనూ పట్టించుకోను. ఇంటి కిట్ ఉంటుంది. ఎవరు చెప్పినా ఆపను.

మారేది ఒకటే. ఇకమీదట కిట్‌లో బ్రేక్ ప్యాడ్లు ఉండవు. ప్యాడ్లు విడిగా, బండి కంపెనీ అధీకృత డీలర్ బిల్లు మీద తెచ్చిన ఒరిజినల్ మాత్రమే ఇస్తాను. ధర ఇప్పటిదానికి దాదాపు రెట్టింపు పడుతుంది, సరుకు ఆర్డరు పెట్టాక రావడానికి సమయం పడుతుంది. అన్నా, తక్కువలో ఇంకోటి లేదా అని దయచేసి అడగొద్దు. బ్రేకు విషయంలో తక్కువలో ఇంకోటి ఇక మా షాపులో ఉండదు. మీరు తీసుకునే ముందు పెట్టె కౌంటరు దగ్గరే విప్పి, నాలుగు అంచులూ చూసుకుని, గోరు పెట్టి గీకి, అప్పుడే డబ్బులివ్వండి. నేనే టార్చి లైటు ఇస్తాను.

ప్యాడ్లు విప్పి తెచ్చేవాళ్లు ఎలాగూ కాలిపర్ తెరుస్తారు కాబట్టి ఒక మాట. బ్రేక్ ఆయిల్ కూడా చూసుకోండి. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగదు. గాలిలో తేమ పీల్చుకునేకొద్దీ ఆ హద్దు 155 దాకా దిగిపోతుంది. ఘాట్ దిగాక లివరు మెత్తబడిందని చెప్పేవాళ్లలో సగం మందికి ప్యాడ్లు బాగానే ఉంటాయి, ఆయిలే పాతబడి ఉంటుంది. రెండేళ్లకోసారి మార్చాలి. సీ-ఏబీఎస్ (ముందు, వెనక బ్రేకులు కలిసి పనిచేసే ఏబీఎస్) ఉన్న సీబీఆర్ వాళ్లు మాత్రం ఈ పని షాపులో చేయించుకోండి. ఆ మోడల్‌లో వెనక పెడల్ తొక్కినా ముందు కాలిపర్‌లోని ఒక పిస్టన్ కదులుతుంది. రెండు లైన్లలోనూ గాలి తీయాలి, వరస తప్పితే లోపల గాలి ఉండిపోతుంది. ప్యాడ్ల కోసం వచ్చిన వాళ్లకు ఈ నెలంతా లేబరు తీసుకోను, ఆయిల్ డబ్బులే.

హ్యాండిల్ రైజర్లు వేయించుకున్న వాళ్లు కూడా వచ్చినప్పుడు ఒకసారి చూపించండి. హ్యాండిల్ ఎత్తితే నడుముకు సుఖమే, కానీ బ్రేక్ హోస్ (ఆయిల్ పోయే గొట్టం) పొడవు పెరగదు కదా. హ్యాండిల్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి పూర్తిగా తిప్పినప్పుడు హోస్ ఎక్కడా లాగినట్టు ఉండకూడదు. పొడవు విండ్‌షీల్డు, సైడ్ బ్యాగు స్టేలు, రిలేతో వచ్చే వైరింగ్ సెట్టు ఎప్పటిలాగే ఉంటాయి. సౌండు సైలెన్సరు మాత్రం ఇదివరకు లేదు, ఇకముందు ఉండదు. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదనే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ గురించి అడిగిన ప్రతివాళ్లకూ చెబుతూనే ఉన్నాను.

బయట రెండు చోట్ల నా గురించి "వాడు డూప్లికేట్ అమ్ముతాడు" అని అన్నారట. అలా అన్నవాళ్లలో ఒకరు నా దగ్గర టీ తాగి పోయిన మనిషే. నాకు బాధగా ఉంది, దాచుకోను. గుట్టుగా ప్యాడ్లు మార్చేసి నోరు మూసుకోమని సలహా కూడా వచ్చింది. అలా చేసి ఉంటే ఈ మాట పుట్టేది కాదేమో. అయినా మీలో ఒక్కరికి ఫోన్ అందకపోయినా, ఆ ఒక్కరు శనివారం తెల్లవారి కొండకు పోయి ఉంటే? అందుకే పేరు పోయినా పర్వాలేదని అందరికీ తెలిసేలా రాస్తున్నాను. పాడైన ప్యాడ్లు పారేయలేదు, కౌంటరు మీద గాజు పెట్టెలో పెట్టాను. ఎవరైనా వచ్చి చేత్తో పట్టుకుని చూడొచ్చు.

డబ్బు వెనక్కి కావాలంటే తెచ్చిన రోజే ఇస్తాను. ఒరిజినల్ కావాలంటే పేరు రాయించుకోండి. ఒరిజినల్ కోరుకున్న వాళ్లు పాత జతకు కట్టిన డబ్బే చాలు, పై తేడా నేను భరిస్తాను. మొదటి సరుకు రాగానే ముందు ఇచ్చేది పాత జత తెచ్చిన వాళ్లకే, కొత్తగా అడిగేవాళ్లకు ఆ తర్వాతే. ఈ నెలలో ఆదివారం కూడా మధ్యాహ్నం వరకు షాపు తీసే ఉంటుంది.