మురుగు కాలువ నిధి: గత జూలై 1 నుంచి ఈ మార్చి 31 వరకు జమా ఖర్చుల వివరణ

కాలనీవాసులందరికీ నమస్కారం.

గత జూన్ నెలాఖరున జరిగిన సర్వసభ్య సమావేశంలో ఇంటికి 1,000 రూపాయల చొప్పున వసూలు చేయాలని తీర్మానించినప్పుడు, ఆ సొమ్ము వానాకాలంలో నీళ్లు తోడించే ఇంజనుకేనని కమిటీ చెప్పింది. తీరా లెక్క తేల్చి చూస్తే ఇంజనుకైనది మొత్తం ఖర్చులో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే. మిగిలినది సర్వేకు, పూడికతీతకు, కాగితాలకు, తిరుగుళ్లకు వెళ్లింది. చెప్పిందొకటి చేసిందొకటి అని కొందరు అడిగారు. అడగడం న్యాయమే కనుక ఈ వివరణ అంకెలతో ఆగడం లేదు.

మన కాలనీలో 148 ఇళ్లున్నాయి. వాటిలో 131 ఇళ్లవారు పూర్తిగానూ, 9 ఇళ్లవారు 500 రూపాయల చొప్పునా ఇవ్వగా 1,35,500 రూపాయలు వచ్చాయి. 8 ఇళ్ల నుంచి రాలేదు. వారి పేర్లు గేటు దగ్గర అంటించాలన్న సూచనను కమిటీ అంగీకరించలేదు. పాత కమిటీ అప్పగించిన నిల్వ 6,240 రూపాయలు, బ్యాంకు వడ్డీ 1,118 రూపాయలు కలుపుకుని మొత్తం జమ 1,42,858 రూపాయలు.

రశీదు పుస్తకంలో 87వ నంబరుపై ‘రద్దు’ అని రాసి ఉండటానికి కారణం చెప్పాలి. రాబోయే పురపాలక ఎన్నికల్లో నిలబడాలనుకుంటున్న ఒక పెద్దమనిషి 25,000 రూపాయలు తెచ్చి ఇచ్చారు. కాలువ గట్టున తన పేరుతో ఫ్లెక్సీ కట్టుకుంటానని మర్నాడు కబురు పంపడంతో, ఆ సాయంత్రమే సొమ్ము తిరిగి ఇచ్చేసి ఆయన సంతకం తీసుకున్నాం. ఆ మొత్తాన్ని జమలోనూ ఖర్చులోనూ చూపలేదు.

ఇక ఖర్చు. ఆగస్టు నుంచి అక్టోబరు వరకు చివరి రెండు వీధుల్లో నీరు నిలిచిన 22 రోజులు ఆయిల్ ఇంజను నడిచింది. పైపులతో సహా అద్దె రోజుకు 900 చొప్పున 19,800, డీజిలుకు 21,450, రాత్రి కాపలా మనిషికి 11,000, వెరసి 52,250 రూపాయలు. కాపలా దేనికన్నారు. మొదటి రెండు రోజులూ మనం నీటిని పక్కనున్న పంట బోదెలోకి వదిలాం. సార్వా నాట్లు వేసిన రైతులు వచ్చి మీ మురుగు మా చేలలోకా అని పైపులు ఎత్తేశారు. వారి మాటలో తప్పు లేదు. ఆ తరువాత పైపును బోదె దాటించి పెద్ద డ్రెయిన్ దాకా వేశాం. ఎక్కడ కీలు ఊడినా చేను మునుగుతుంది కాబట్టి మనిషిని పెట్టక తప్పలేదు.

కాలువ బాగు చేయించమని అధికారులను అడిగిన ప్రతిసారీ అంచనా తయారైంది, తూము కడతామనే సమాధానం వచ్చింది. ఆ అంచనా ఏమిటో చూద్దామని సమాచార హక్కు చట్టం కింద 4 దరఖాస్తులు పెట్టాం. దరఖాస్తుకు 10 చొప్పున 40, నకళ్లకు పేజీకి 2 చొప్పున 61 పేజీలకు 122, తపాలాకు 168, అన్నీ కలిపి 330 రూపాయలు. 30 రోజుల గడువు దాటినా రెండింటికి జవాబు రాకపోతే మొదటి అప్పీలు చేశాం, దానికి రుసుము లేదు. వచ్చిన కాగితాల్లో తూము అడుగు మట్టం ఉంది. అది సరైనదో కాదో తేల్చడానికే ప్రైవేటు సర్వేయరును పిలిచి 14,000, గుర్తు రాళ్లకు, రంగుకు 1,350 ఖర్చు పెట్టాం.

సర్వేలో తేలింది ఇది. 640 మీటర్ల మన కాలువకు మొదటి నుంచి చివరి దాకా ఉన్న పల్లం 19 సెంటీమీటర్లు. కట్టబోయే తూము అడుగు మన కాలువ చివరి అడుగు కన్నా 28 సెంటీమీటర్లు ఎత్తు. అంటే మొదటి ఇంటి ముందు 9 సెంటీమీటర్ల నీరు నిలిచాక గాని తూములోకి చుక్క పోదు. ఆ తూము కట్టి ఉంటే ఏటా ఇంజను పెట్టుకోవలసిందే. ఈ కొలతల కాగితం పట్టుకుని 7 సోమవారాలు కలెక్టరేటులో అర్జీలిచ్చే వేదికకు వెళ్లాం. బండి కిరాయి 5,600. అంచనా సవరిస్తామని ఏడోసారి రాతపూర్వకంగా చెప్పారు.

ఇన్నిసార్లు తిరగడానికి కారణం మనకు కౌన్సిలరు లేకపోవడం. పాలకవర్గం గడువు ముగిసేలోపే ఎన్నికలు పూర్తి కావాలని రాజ్యాంగంలోని 243యు అధికరణం చెబుతున్నా, మన పట్టణం ప్రత్యేకాధికారి పాలనలోనే ఉంది. వార్డులో అడగవలసిన మాటకు జిల్లా కేంద్రానికి పోవలసి వచ్చింది. పన్ను కడుతూ మళ్లీ చందా ఎందుకన్న ప్రశ్నా వచ్చింది. 1965 నాటి ఆంధ్రప్రదేశ్ పురపాలక చట్టం ప్రకారం ఆస్తి పన్నులో మురుగు పారుదల పన్ను కూడా ఇమిడి ఉంటుంది, 2021 ఏప్రిల్ నుంచి మూలధన విలువను, అంటే స్థలం, కట్టడం ధరను బట్టి ఆ పన్ను ఏడాదికి 15 శాతం మించకుండా పెరుగుతోంది కూడా. ప్రశ్న సరైనదే. దానికి కమిటీ దగ్గరున్న జవాబల్లా, వాన ఆగదన్నదే.

మార్చిలో గుర్రపుడెక్క, పూడిక తీయించాం. పొక్లెయినుకు 9 గంటలకు 10,800, బురద ఎత్తిన ట్రాక్టరుకు 3,600. జిరాక్సులు, కుర్చీలు, కరపత్రాలకు 3,270. అధికారులు స్థలం చూడటానికి వచ్చిన రోజు టీ, భోజనాలకు 2,180. మొత్తం ఖర్చు 93,380 రూపాయలు.

వీటిలో ట్రాక్టరు 3,600కు బిల్లు లేదు, తోలినాయన వేలిముద్ర వేసిన కాగితం మాత్రమే ఉంది. కాపలా కూలీకీ సంతకాల పట్టీయే ఆధారం. భోజనాల ఖర్చును ముందుగా కమిటీ ముందు పెట్టకుండా కోశాధికారి, ఇద్దరు సభ్యులు చేసేశారు. అది పొరపాటు. సభ ఒప్పుకోకపోతే ఆ ముగ్గురూ తిరిగి కట్టడానికి అంగీకరించారు.

నిల్వ 49,478 రూపాయలు. అందులో బ్యాంకులో 47,928, కోశాధికారి చేతిలో 1,550 ఉన్నాయి. సవరించిన అంచనా మంజూరై పని మొదలయ్యేదాకా ఈ సొమ్మును ఇంజనుకు తప్ప మరి దేనికీ వాడబోమని కమిటీ తీర్మానించింది. రశీదు పుస్తకాలు, బిల్లులు, 61 పేజీల నకళ్లు, సర్వే పటం రామాలయం అరుగు మీద వచ్చే ఆదివారం ఉదయం 8 నుంచి 12 గంటల వరకు ఉంటాయి. అభ్యంతరాలు అక్కడే రాసి ఇవ్వవచ్చు.

ఇట్లు,
కమిటీ తరఫున కార్యదర్శి