‘బాగుంది’ అన్న చీటీలు పక్కన పెట్టండి

సంపాదకులకు,

కౌమార వయసు, మానసిక ఆరోగ్యం మీద వచ్చిన బొమ్మల పుస్తకాల గురించి పిల్లలు ఏమన్నారో మీ విద్య పేజీలో చదివాం. దాదాపు అందరిదీ ఒకే మాట: ‘చాలా బాగుంది, ఎన్నో తెలుసుకున్నాం’. టీచరు ఎదురుగా నిలబడి ఉండగా, పేరు రాసిన కాగితం మీద అడిగితే ఎనిమిదో తరగతి పిల్లలు ఇంకేం రాస్తారు? దాంతో ప్రచారం జరుగుతుందేమో గానీ, రెండో ముద్రణలో ఏం మార్చాలో తెలియదు.

పేరు లేని చిన్న చీటీ ఇచ్చి మూడు ప్రశ్నలు అడగండి. ఏ పేజీ దగ్గర ఆగిపోయారు? ఏ బొమ్మ అర్థం కాలేదు? పుస్తకం ఇంటికి తీసుకెళ్తారా, లేకపోతే ఎందుకు? అసలు సంగతులు మూడో ప్రశ్న దగ్గరే బయటపడతాయి. అట్ట మీద ‘మానసిక సమస్యలు’ అని పెద్దక్షరాలుంటే చాలామంది దాన్ని లైబ్రరీలోనే వదిలేస్తారు. నెలసరి బొమ్మ ఉంటే మగపిల్లలు ముట్టుకోరు, ఆడపిల్లలు నలుగురి ముందు తీసుకోరు.

చీటీలు క్లాస్ టీచరు విప్పకూడదు, చేతిరాత గుర్తుపడతారు. చీటీలు వేసిన డబ్బాను అదే రోజు తెరవాలి. శనివారం పెట్టి సోమవారం చూద్దామంటే కుదరదు. కొందరు పుస్తకం గురించి కాకుండా తమ గురించే రాస్తారు మరి. అందుకే చీటీ అడుగున ‘నాతో ఎవరైనా మాట్లాడాలి’ అని ఒక గడి, ఇష్టమైతే పేరు రాయడానికి చోటు ఉండాలి. అంతా రహస్యమేనని మాట ఇవ్వకండి. ప్రాణానికి ముప్పుంటే పెద్దలకు చెప్తామని, లైంగిక వేధింపు సంగతి తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయక తప్పదని పంచకముందే చెప్పాలి. పేరు లేని చీటీలో చనిపోవాలనుందని కనిపిస్తే ఎవరు రాశారో అని ఆరా తీస్తూ కూర్చోవద్దు. ఆ రోజే తరగతి మొత్తానికీ ఎవరితో, ఎక్కడ, ఎప్పుడు మాట్లాడవచ్చో చెప్పాలి. ఆత్మహత్య గురించి నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని టీచర్లు వెనకాడతారు. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు.

ఇక బొమ్మలు. డిప్రెషన్ అనగానే మూలన కూర్చుని మోకాళ్లలో తలపెట్టుకున్న పిల్ల, నెత్తిన నల్లటి గీతల ముద్ద. ఏ పుస్తకం తెరిచినా ఇదే. ఈ వయసులో అది చాలాసార్లు దిగులుగా కాక చిరాకుగా బయటపడుతుంది. తలుపులు విసిరికొట్టడం, ఆటలు మానేయడం, నిద్ర తారుమారు కావడం, పొద్దున్నే కడుపునొప్పి అనడం లాంటివి రెండు వారాలు దాటి సాగితే పట్టించుకోవాలి. తలుపు విసిరికొట్టే కుర్రాడు ఆ మూలన కూర్చున్న బొమ్మను చూసి ‘నేనిలా లేను కదా’ అని పేజీ తిప్పేస్తాడు.

ఈ పుస్తకాల్లో ఒక్కసారిగా భయం కమ్మి గుండెదడ వచ్చిన పిల్ల తర్వాతి బొమ్మ గడిలోనే ఊపిరి పీల్చి నవ్వేస్తుంది. నిజానికి ఆ భయం కొన్ని నిమిషాల్లో తారస్థాయికి చేరి, తర్వాత మెల్లగా దిగుతుంది. అలా దిగడాన్ని గడియారంతో సహా మూడు నాలుగు గడుల్లో చూపించాలి. లేకపోతే ఒక్క శ్వాసతో తగ్గని పిల్ల తప్పంతా తనదే అనుకుంటుంది. తనను తాను గాయపరచుకునే సన్నివేశమైతే వస్తువూ గీయొద్దు, గాయమూ గీయొద్దు. తర్వాత ఎవరు పక్కన కూర్చున్నారో గీస్తే చాలు.

ఎవరూ పట్టించుకోనిది అక్షరాల సంగతి. ఇంగ్లిష్‌కు కొలిచి గీసిన మాటల బుడగలో తెలుగు పట్టదు. మన మాటలు పొడుగు, పైగా ఒత్తులు కింది వరుసకు తగులుతాయి. అక్షరాలు కుదిస్తే చదవలేరు, అందుకని వాక్యాలు కోస్తారు. ఆ కోతలో ముందు పోయేవి ‘కొందరికి’, ‘కావచ్చు’ లాంటి మాటలే. ‘వ్యాయామం కొందరికి ఉపశమనం ఇవ్వవచ్చు’ కాస్తా ‘వ్యాయామంతో తగ్గిపోతుంది’ అయి కూర్చుంటుంది. మందులు వాడుతున్న పిల్లవాడు అది చదివి మానేస్తే? బుడగల్ని తెలుగు కోసం మళ్లీ గీయించాలి. ఖర్చవుతుంది, అయినా తప్పదు.

పంచే వేళ కూడా ముఖ్యమే. పరీక్షల ముందు, శుక్రవారం చివరి పీరియడ్‌లో ఇచ్చేసి పంపితే సందేహం వచ్చిన పిల్లకు అడగడానికి మనిషి ఉండరు. పాఠశాల ఆరోగ్య కార్యక్రమం కింద శిక్షణ పొందిన ఇద్దరు టీచర్లు ఉన్నచోట జూన్, జూలైల్లోనే వాళ్ల చేత ఇప్పించవచ్చు.

చివరగా సహాయ నంబరు. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లలకు ఏ ఆపద వచ్చినా 1098 ఉంది. ఈ రెండూ వెనక అట్ట లోపలివైపు చిన్నక్షరాల్లో ఉంటాయి. కథలో పిల్ల పరిస్థితి బాగా దిగజారిన పేజీలోనే అవి ఉండాలి. అయినా పిల్లలు ఫోన్ చేయరు, చేస్తే ఏమవుతుందో తెలియదు గనుక. ఆ కాల్‌నే బొమ్మల్లో గీయండి: భాష ఎంచుకోవడం, కౌన్సెలర్ పలకరించడం, ఏం అడుగుతారు, అవసరమైతే డాక్టర్ దగ్గరకు ఎలా పంపుతారు. గురుకులాల్లో పిల్లల దగ్గర ఫోన్లుండవు కాబట్టి ఎవరి ఫోన్, ఏ గదిలో అన్నది రాసుకోవడానికి ఆ పేజీలోనే రెండు ఖాళీ గీతలు వదలండి.

— పాఠశాల కౌన్సెలర్లు, ఖమ్మం