స్టిక్కరు కింద దొరికిన ధర

కస్టమర్ సేవా విభాగం అధికారి గారికి,
భారతదేశ కార్యాలయం.

విషయం: ఒకే కోటుకు హైదరాబాద్‌లో ఒక ధర, మాడ్రిడ్‌లో ఒక ధర, దానికి మీరు చెప్పిన కారణం, మాడ్రిడ్‌లో కొన్న కోటు మార్చి ఇవ్వకపోవడం గురించి.

అయ్యా,

2025 అక్టోబరు మొదటి వారంలో హైదరాబాద్‌లోని మీ దుకాణంలో బూడిద రంగు పలుచని కోటు ఒకటి 7,990 రూపాయలకు కొన్నాను. స్పెయిన్ వెళ్తున్నాం, అక్కడ సాయంత్రాలు చలిగా ఉంటాయని కొన్నది. పది రోజుల తర్వాత మాడ్రిడ్‌లో గ్రాన్ వియా వీధిలో నడుస్తుంటే మీ దుకాణం అద్దాల వెనుక అదే కోటు బొమ్మకు తొడిగి కనిపించింది. అదే రంగు. లోపలికి వెళ్లి చూస్తే ట్యాగు మీద అదే నంబరు, లోపలి పట్టీ మీద అదే ‘బంగ్లాదేశ్‌లో తయారైనది’. ధర 49.95 యూరోలు. ఆ కోటు తొడుక్కునే నేను ఆ బొమ్మ ముందు నిలబడి ఉన్నాను. మా వారు నవ్వు ఆపుకోలేక వీధి వైపు తిరిగారు.

ఆ రోజు నా కార్డు మీద యూరోకు 104 రూపాయలు పడింది. అంటే సుమారు 5,195 రూపాయలు. మా చెల్లెలికి అక్కడే ఒకటి కొన్నాను. ఇంటికి వచ్చాక నా కోటు ట్యాగు మీద మీరు అంటించిన రూపాయల స్టిక్కరును గోటితో మెల్లగా లేపి చూశాను. దాని కింద 49.95 యూరోలు అని అచ్చు వేసి ఉంది. ఆ ట్యాగు ఫొటో జత చేస్తున్నాను.

ఇక్కడి నుంచే నా ఫిర్యాదు మొదలవుతుంది. ‘ధరల్లో తేడా ఆయా దేశాల పన్నుల వల్ల వచ్చింది’ అని నా మొదటి ఉత్తరానికి మీరు నవంబరులో రాసిన రెండు వాక్యాల సమాధానం నా దగ్గర ఉంది. నేను 31 ఏళ్లు బ్యాంకులో పని చేసి రిటైరయ్యాను. ఎవరైనా పన్ను అంటే పెన్ను తీసే అలవాటు ఇంకా పోలేదు. మీరూ నాతో పాటు లెక్క చూడండి.

స్పెయిన్‌లో పన్ను తక్కువేమీ కాదు. అక్కడ దుస్తుల మీద విలువ ఆధారిత పన్ను 21 శాతం, అది ట్యాగు మీది ధరలోనే కలిసి ఉంటుంది. 5,195లోంచి దాన్ని తీసేస్తే మిగిలేది 4,293 రూపాయలు. ఇప్పుడు మన దేశపు పన్నులు కలుపుదాం. దుస్తుల మీద దిగుమతి సుంకం సాధారణంగా 20 శాతం, ఆ సుంకం మీద పదో వంతు సంక్షేమ సర్‌ఛార్జీ, మొత్తం 22 శాతం. నిజానికి సుంకాన్ని మీరు కస్టమ్స్ వారికి చూపే దిగుమతి విలువ మీద వేస్తారు, దుకాణం ధర మీద కాదు. అయినా మీ వైపే మొగ్గు చూపి మొత్తం 4,293 మీదా వేశాను. 5,238 అయింది. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 6,181. మీ ధర 7,990. మిగిలిన 1,809 రూపాయలు ఏ దేశపు పన్ను?

ఇంకో మాట. బంగ్లాదేశ్‌లో కుట్టిన దుస్తులు అక్కడి నుంచి నేరుగా వస్తే, దక్షిణాసియా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కింద వాటి మీద దిగుమతి సుంకమే ఉండదు. 2025 మే నెలలో మన ప్రభుత్వం ఆ సరుకు భూమార్గంలో రాకుండా ఆపి, కోల్‌కతా, ముంబై దగ్గరి న్హావా షేవా ఓడరేవులకే పరిమితం చేసింది. రవాణా కష్టమైంది నిజమే, కానీ సుంకం వేయలేదు. ఢాకాలో ఎక్కిన కోటు స్పెయిన్‌లోని మీ గోదాము చూసి మళ్లీ హైదరాబాద్ వస్తే ఆ రాయితీ పోతుంది. ఆ చుట్టు ప్రయాణం మీ సౌకర్యం కోసం. దాని ఖర్చు నా బిల్లులో ఎందుకు?

ఆగస్టులో ఇదే కోటును ఇదే దుకాణంలో చూసి, ఇప్పుడే ఎందుకులే అని వదిలేశాను. అప్పుడూ 7,990 రూపాయలే. అప్పుడు వెయ్యి రూపాయలు దాటిన దుస్తుల మీద జీఎస్టీ 12 శాతం. సెప్టెంబరు 22 నుంచి 2,500 దాటిన వాటి మీద 18 అయింది. ధర మాత్రం కదల్లేదు. అంటే పన్ను పోగా మీ చేతికి వచ్చేది 7,134 నుంచి 6,771కి, 363 రూపాయలు తగ్గింది, మీరు భరించారు. అందుకు సంతోషమే. కానీ పన్ను పెరిగినా కదలని ధర పన్ను వల్లే ఇంత ఉందంటే నమ్మేదెలా?

మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. ఆ రాష్ట్రంలో మామూలు దుస్తుల మీద అమ్మకపు పన్నే లేదు. అక్కడి మీ దుకాణంలో ఈ కోటు 89.90 డాలర్లట, మన లెక్కలో 8,000 రూపాయలకు దగ్గర. అమెరికాలోనూ దిగుమతి సుంకాలున్నాయి, 2025లో పెరిగాయి కూడా. అయినా అమ్మకంలో 18 శాతం పన్నున్న చోటా, అసలు లేని చోటా ధర దాదాపు ఒకటే అయిందంటే, దాన్ని నిర్ణయించేది ఆ ఊరి జనం ఎంత ఇస్తారన్న మీ అంచనా. స్పెయిన్‌లో మీది వీధి చివరి బట్టల కొట్టు, ఇక్కడ మాల్‌లో పాలరాతి నేల మీద వెలిగే విదేశీ పేరు. మాల్ అద్దె, మారకపు రేటు భయం, తక్కువ సరుకు, ఇవన్నీ ఉంటాయని నాకు తెలుసు. మీ సరుకుకు మీరు ఎంత ధరైనా పెట్టుకోవచ్చు, అది నేరమని నేను అనడం లేదు. ఆ మాటే రాయండి. చేసింది మీరైతే ప్రభుత్వం పేరు చెప్పకండి.

విదేశీ పర్యాటకులు మాడ్రిడ్ విమానాశ్రయంలో యంత్రం దగ్గర పత్రం చూపిస్తే పన్ను వెనక్కి వస్తుందన్నారు. 49.95లో పన్ను 8.67 యూరోలు. మధ్యలో ఉన్న సంస్థ కమీషను పోను నా కార్డుకు చేరింది 5 యూరోల చిల్లర. అది మీ తప్పు కాదు, మాట వచ్చింది కనుక చెప్పాను.

మీ తప్పు ఇది. చెల్లెలికి కొన్న కోటు భుజాల దగ్గర బిగుతైంది. బిల్లు వెనుక 30 రోజుల్లో మార్చుకోవచ్చని ఉంది. 12వ రోజున హైదరాబాద్ దుకాణానికి తీసుకెళితే, పరాయి దేశపు బిల్లు తమ కంప్యూటరులో కనిపించదని తిప్పి పంపారు. అదే పేరు, అదే నంబరు, ఒక సైజు పెద్దది వాళ్ల వెనుక కొయ్యకే వేలాడుతోంది. కౌంటరులోని అమ్మాయి నొచ్చుకుంది పాపం, ఆమె మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. డబ్బు వాపసు అడగలేదు, తేడా సొమ్మూ అడగలేదు, సైజు మార్చమన్నాను.

ఆ సైజు ఇప్పించండి. 30 రోజుల గడువు దాటిందని మాత్రం చెప్పకండి. మీకు నా మొదటి ఉత్తరం 14వ రోజున అందింది, ఆలస్యం మీది. ఇకపై యూరోల ధర కనిపించేలా స్టిక్కరు పక్కన అంటించండి. నవంబరు సమాధానాన్ని సరిచేసి రాతపూర్వకంగా పంపండి. 15 రోజులు చూసి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ (ఫోన్ 1915)కు ఈ కాగితాలన్నీ పంపుతాను.

రెండు బిల్లుల నకళ్లు, మీ సమాధానం, ట్యాగు ఫొటో జత చేశాను. చెల్లెలి కోటు ట్యాగు తీయకుండా మీ సంచిలోనే ఉంది.

ఇట్లు,
మీ కొనుగోలుదారు,
హైదరాబాద్.